జియోక్యాషింగ్‌లో సగానికి పైగా డబ్బాలు దొరకడం లేదు, పిల్లలకు విసుగొచ్చింది: కొనసాగించవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. పిల్లలను వెంటబెట్టుకుని కొన్ని సెలవు రోజుల్లో జియోక్యాషింగ్ ఆడారు, అంటే ఇతరులు దాచి ఇంటర్నెట్‌లో స్థానం ప్రకటించిన డబ్బాల (క్యాష్‌ల) కోసం ఫోన్ ఆధారంగా వెతికారు. సగానికి పైగా దొరకలేదు. దొరికిన వాటిలో ఒకటి వేలి కొనంత గొట్టం, మరొకదానిలో, దొరికినవారు పేరు రాసే కాగితం తడిసి ముద్దయి ఉంది. పిల్లలు ఇక రామంటున్నారు. ఇంతమంది మెచ్చుకునే ఈ వ్యాపకంలో ఆనందం ఎక్కడుందో, మీరు వెతికే తీరులో లోపమేమైనా ఉందో చెప్పమన్నారు.

నేరుగా చెప్పాలంటే, కొనసాగించండి. మీరు వెతికే తీరులో పెద్ద లోపం కనిపించడం లేదు. దేనిని వెతకాలో ఎంచుకోవడంలోనే చిక్కు ఉంది. ఈ వ్యాపకంలో ఎదురయ్యే నిరాశలో అధిక భాగాన్ని ఇంటి నుంచి బయలుదేరే ముందు పది నిమిషాలు క్యాష్ పేజీ (ఆ డబ్బా గురించి ఆట వెబ్‌సైటులో ఉండే పేజీ) చదివి తప్పించుకోవచ్చు. మిగిలిన భాగం తప్పదు, తప్పకూడదు కూడా; దొరుకుతుందని ముందే తెలిసిన దానిని ఎవరూ వెతకరు. నేను చాలా ఏళ్లుగా వెతుకుతూ, కొన్ని డబ్బాలను స్వయంగా దాచి వాటి బాగోగులు చూసుకుంటూ వచ్చాను కాబట్టి రెండు వైపుల నుంచీ వివరిస్తాను.

ముందు జీపీఎస్ సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్తవారి నిరాశ చాలావరకు అక్కడే మొదలవుతుంది. 2000 మే నెల ఆరంభం వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలనే పొరపాటును కలిపేది. స్థానం దాదాపు వంద మీటర్ల వరకు అటూ ఇటూగా చూపేది. ఆ పొరపాటును తొలగించిన మరునాడే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపంలో ఒక బకెట్‌ను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఒక ఇంటర్నెట్ చర్చావేదికలో ప్రకటించారు. మూడు రోజులు తిరగకుండానే మైక్ టీగ్ దానిని కనిపెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ ఈ ఆటకు ప్రత్యేకంగా వెబ్‌సైటు ప్రారంభించే నాటికి ప్రపంచం మొత్తం మీద నమోదైన డబ్బాలు 75 మాత్రమే. (ఆ తొలి బకెట్‌లో ఉన్న చిక్కుడు గింజల డబ్బా తరువాత దొరికింది. క్యాషర్ల, అంటే ఈ ఆట ఆడేవారి, సమావేశాల్లో దానిని ఇప్పటికీ ఆప్యాయంగా చూపిస్తుంటారు.)

ఈ చరిత్ర మీ సమస్యకు సంబంధించినదే. సంకేతంలోని ఉద్దేశపూర్వకమైన పొరపాటు పోయింది గానీ, సహజమైన పొరపాటు పోలేదు. ఆకాశం పూర్తిగా కనిపించే ఆరుబయట మామూలు ఫోను దాదాపు 5 మీటర్ల లోపు స్థానాన్ని చూపుతుంది. చెట్ల కింద, ఎత్తయిన గోడల మధ్య, కొండ వాలులో సంకేతాలు తగిలి ప్రతిఫలించి రావడం వల్ల అది ఇంకా పెరుగుతుంది. పైగా ఇక్కడ రెండు పొరపాట్లు కలుస్తాయి: దాచిన వ్యక్తి పరికరంలో ఉన్నది ఒకటి, మీ చేతిలోని ఫోనుది మరొకటి. చెరొక 5 మీటర్లూ ఒకే వైపుకు పడితే మీరు వెతకవలసిన వలయపు వ్యాసార్థం 10 మీటర్లు, అంటే సుమారు 314 చదరపు మీటర్ల నేల. 5 మీటర్ల వలయమైతే అది 78 చదరపు మీటర్లే. వ్యాసార్థం రెట్టింపైతే వెతికే నేల నాలుగు రెట్లవుతుంది. ఫోను తెరపై దూరం సున్నాకు చేరినా కాళ్ల దగ్గర డబ్బా లేకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి పది మీటర్ల దూరంలోకి వచ్చాక ఫోనును జేబులో పెట్టేయండి. అక్కడి నుంచి బాణం గుర్తు వెంట ముందుకు వెనక్కు నడవడం వృథా. నడుస్తున్నప్పుడు జీపీఎస్ మీ దిశను లెక్కకట్టగలదు. నిలబడితే ఆ లెక్కకు ఆధారం పోతుంది. అప్పుడు ఫోను తనలోని అయస్కాంత సూచిపై ఆధారపడుతుంది, దగ్గరలో ఇనుప కంచె ఉన్నా, వాహనం ఉన్నా ఆ సూచి తప్పుతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే కాస్త దూరం వెళ్లి రెండు మూడు వేరు వేరు దిక్కుల నుంచి సూటిగా నడిచి రండి. ఆ దారులు ఎక్కడ కలుస్తున్నాయో గమనించండి. ఆపైన పని కళ్లది, ఆలోచనది.

కళ్లకు పని చెప్పడమంటే ఏమిటో నా అనుభవం నుంచి చెబుతాను. కొత్తచోట నిలబడగానే నేను నేలను తవ్వినట్టు చూడను. ముందు ఈ డబ్బాను దాచిన మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడు, దారిన పోయేవారి కంట పడకుండా ఎటు చేయి చాపి ఉంటాడు అని ఆలోచిస్తాను. ప్రకృతి తనంతట తాను పేర్చని వాటి కోసం చూస్తాను. సమాంతరంగా పడి ఉన్న మూడు పుల్లలు, నాచు పట్టిన రాళ్ల మధ్య నాచు లేని ఒక రాయి, కంచె స్తంభాలలో మిగతా వాటికి లేని ఒక మర, ఇలాంటివి. ఒకసారి ఒక చెక్క వంతెన దగ్గర మా బృందమంతా కింద బురదలో వెతుకుతుంటే, వంతెన కమ్మీకి బిగించిన బోల్టులలో ఒకటి దేనినీ పట్టి ఉంచడం లేదని మాతో వచ్చిన ఒక పెద్దావిడ గమనించారు. అది అయస్కాంతంతో అతికించిన డొల్ల బోల్టు. లోపల చుట్టిన కాగితం. ఆ రోజు నుంచి ఆమె ఏ వంతెన దాటినా బోల్టులను గమనిస్తారట. ఈ వ్యాపకం ఇచ్చే తొలి లాభం అదేనని నేను నిజంగా నమ్ముతాను. రోజూ నడిచే చోటును కూడా పట్టి చూడడం అలవాటవుతుంది.

ఇక ఎంపిక విషయం. మీ చిక్కుకు అసలు మందు ఇక్కడే ఉంది గనుక కొంచెం వివరంగా చెబుతాను. ప్రతి క్యాష్ పేజీ మీద రెండు అంకెలుంటాయి: వెతకడం ఎంత కష్టమో చెప్పేది ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్పేది మరొకటి. రెండూ 1 నుంచి 5 వరకు, అర చొప్పున పెరుగుతాయి. కొత్తవారు తరచుగా దారి సులువుగా ఉందా అన్న అంకెను మాత్రమే చూసి బయలుదేరతారు. దారి 1 అయి, వెతకడం 4 అయిన క్యాష్ అంటే వాహనం దిగగానే చేరుకునే చోటే గానీ అనుభవజ్ఞులను కూడా గంటసేపు నిలబెట్టేది. పిల్లలతో వెళ్లేటప్పుడు వెతకడంలో కష్టం 2కు మించనివే ఎంచుకోండి. దారి కష్టం కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. పిల్లలు నడకకు అలిసేకన్నా త్వరగా వెతుకులాటకు విసుగుపడతారని నా అభిప్రాయం.

తరువాత పరిమాణం చూడండి. వంద మిల్లీలీటర్ల లోపు ఉన్నది మైక్రో. పది మిల్లీలీటర్లలోపు ఉండే నానోలు కూడా తరచుగా అందులోకే వస్తాయి. మీకు దొరికిన వేలి కొనంత గొట్టం అదే. అందులో కాగితపు చుట్ట తప్ప మరేమీ పట్టదు. బొమ్మ దొరుకుతుందని ఆశపడ్డ పిల్లవాడికి అది అన్యాయంగానే తోస్తుంది. లీటరు లోపుది చిన్నది, లీటరు నుంచి 20 లీటర్ల వరకు ఉండేది రెగ్యులర్. రెగ్యులర్ డబ్బాలో మార్పిడి వస్తువులు ఉంటాయి. ఒకటి తీసుకుంటే దానికి తగిన విలువైనది మరొకటి పెట్టాలన్నది నియమం. తినుబండారాలు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, వాసనకు జంతువులు డబ్బాను నమిలేస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం పాత లాగ్‌లు, అంటే ముందు వెతికినవారు ఆ పేజీలో రాసిపెట్టిన మాటలు. చివరి నాలుగైదు లాగ్‌లు చదవకుండా బయలుదేరవద్దు. చివరిసారి ఎప్పుడు దొరికింది? ఆ తరువాత వరుసగా దొరకలేదన్నవారు ఎందరు? ఆరు నెలల క్రితం చివరగా దొరికి, ఆ పైన ముగ్గురు నలుగురు దొరకలేదని రాస్తే ఆ డబ్బా అక్కడ లేకపోవడానికే అవకాశం ఎక్కువ. కాగితం తడిసిందని ఎవరైనా రాశారా చూడండి. ఫేవరెట్ పాయింట్లు, అంటే నచ్చిన క్యాష్‌కు ఇచ్చే మెచ్చుకోలు పాయింట్లు, ఎన్ని ఉన్నాయో చూడండి. రుసుము కట్టిన సభ్యులకు, తమకు దొరికిన ప్రతి పది క్యాష్‌లకు ఒకటి చొప్పునే ఆ పాయింటు ఇచ్చే వీలుంటుంది కాబట్టి దానిని ఊరికే పంచిపెట్టరు. సూచన అన్న భాగంలో అర్థం కాని అక్షరాలు కనిపిస్తే కంగారు పడవద్దు. ఆంగ్ల అక్షరాలను 13 స్థానాలు జరిపి రాసిన తేలికైన సంకేతలిపి అది, ఒక్క నొక్కుతో విప్పుకోవచ్చు. సూచన చదవడం చిన్నతనం కాదు. దాచిన వ్యక్తి మీరు కనిపెట్టాలనే దానిని రాశాడు.

తడిసిన కాగితం గురించి మీరు బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైనదే. డబ్బాకు మూత ఉండడం వేరు, రబ్బరు వలయంతో గాలి చొరబడకుండా బిగుసుకోవడం వేరు. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటకు పోతుంది. రాత్రి చల్లబడగానే బయటి తేమగాలి లోపలికి వస్తుంది. బిగువు లేని డబ్బాలో ఇది రోజూ జరిగి, వాన ఒక్క చుక్క పడకపోయినా కాగితం చెమ్మబారుతుంది. పాత సైనిక మందుగుండు పెట్టెలను క్యాషర్లు అంతగా ఇష్టపడేది వాటి రబ్బరు అంచు కోసమే. తడిసిన కాగితం కనిపిస్తే ఆ సంగతి యజమానికి, అంటే డబ్బాను దాచినవారికి, తెలిసేలా మరమ్మతు అవసరమని నమోదు చేయండి. యజమాని ఒప్పుకుంటే పొడి కాగితం పెట్టి రావచ్చు. కానీ వెతికి దొరకనిచోట తామే కొత్త డబ్బా పడేసి దొరికిందని రాసుకునే అలవాటు కొందరిలో ఉంది, అది మంచిది కాదు. అసలు డబ్బా చాలాసార్లు అక్కడే ఉంటుంది. తరువాత వచ్చినవారు రెండింటిలో ఏది అసలుదో తెలియక తికమకపడతారు, యజమాని తాను ఎన్నడూ చూడని డబ్బాకు బాధ్యుడవుతాడు.

దీనికి ఎదురు పక్షం కూడా చెప్పాలి. దొరకకపోతే దొరకలేదని తప్పక రాయండి. చాలామంది దానిని ఓటమిగా భావించి రాయకుండా ఊరుకుంటారు. యజమానిగా నా అనుభవం ఏమిటంటే, డబ్బా పోయిందని నాకు తెలిసే మార్గం ఆ ఒక్క వాక్యమే. అది లేకపోతే నా క్యాష్ పేజీ బాగున్నట్టే కనిపిస్తుంది, మీలాంటి మరో కుటుంబం ఖాళీ చెట్టుతొర్ర చుట్టూ తిరిగి నిరాశతో వెళుతుంది. మీరు రాసిన ప్రశ్నలోని ఆ దొరకని క్యాష్‌ల గురించి ఒక్కటైనా లాగ్ రాశారా అన్నది మీరు చెప్పలేదు. రాయకపోతే ఈ రోజే రాయండి. ఎంతసేపు వెతికారో, ఎక్కడెక్కడ చూశారో రాస్తే యజమానికి మరింత మేలు.

ఆనందం ఎక్కడుందని అడిగారు. నా వరకు అది డబ్బాలో కన్నా డబ్బా నన్ను తీసుకెళ్లిన చోటులో ఉంది. మంచి యజమాని ముందు ఒక చోటును ఎంచుకుంటాడు, తరువాతే డబ్బాను. దారి మలుపులో దాగిన చిన్న జలపాతం, ఊరివారు కూడా మరచిన పాత బావి, ఎవరూ ఆగి చదవని శాసనం, వీటిని నాకు చూపించింది పర్యాటక పుస్తకాలు కావు, ముక్కూమొహం తెలియని క్యాషర్లు. పలు దశల క్యాష్‌లలో ఒకచోటి మెట్ల సంఖ్య, మరోచోటి రాతి మీది సంవత్సరం కలిపితేనే తరువాతి స్థానం తెలుస్తుంది. ఆ లెక్క కోసమైనా మనం ఆ రాతిని శ్రద్ధగా చదువుతాం. చిక్కుప్రశ్న క్యాష్‌లైతే ఇంట్లో కూర్చుని రోజుల తరబడి ఆలోచించి, జవాబు తట్టిన క్షణాన నడిచి వెళ్లవలసిన చోటు పటం మీద తేలుతుంది. ఆ క్షణం నాకు డబ్బా దొరికిన క్షణంకన్నా ప్రియమైనది. రాత్రి క్యాష్‌లని మరో రకం ఉంది: చెట్లకు గుచ్చిన చిన్న ప్రతిఫలక మేకులు టార్చి వెలుతురుకు మెరుస్తూ ఒకదాని తరువాత ఒకటి దారి చూపుతాయి. విసిగిపోయిన పిల్లలను తిరిగి ఉత్సాహపరచడానికి దీనిని మించినది నేను చూడలేదు, పెద్దలు వెంట ఉండి దారి ముందే పగటిపూట చూసుకుంటే చాలు.

పిల్లల కోసం ఇంకొక మాట. డబ్బా ఉండని ఎర్త్‌క్యాష్‌లను కూడా ప్రయత్నించండి. అమెరికా భూవిజ్ఞాన సంఘం 2004లో ప్రారంభించిన రకం ఇది. ఒక రాతిపొర దగ్గరకో ఊటబుగ్గ దగ్గరకో వెళ్లి, అక్కడ గమనించిన దానిని బట్టి కొన్ని ప్రశ్నలకు జవాబులు పంపాలి. పోయేదీ తడిసేదీ ఏమీ లేదు కనుక నిరాశపడి తిరిగి వచ్చే ప్రమాదం దాదాపు ఉండదు. పొరలలో ఏది పాతది, రాయి ఎందుకు ఎర్రగా ఉంది వంటి ప్రశ్నలకు పిల్లలు పెద్దలకంటే ముందే జవాబు కనిపెట్టడం నేను చాలాసార్లు చూశాను.

అంకెల వెంట పడవద్దని కూడా నా సలహా. రెండు భౌతిక క్యాష్‌ల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్న నియమం ఉంది. దానిని అనుసరిస్తూనే రోడ్డు వెంట ఒకే తరహా డబ్బాలను వరుసగా వందల కొద్దీ పేర్చిన చోట్లు ఉన్నాయి. ఒక్కరోజులో పెద్ద సంఖ్య చేరుతుంది. అందులో సంతోషపడేవారిని నేను తప్పుపట్టను, మిత్రులతో సరదాగా గడిచే రోజది. కానీ మొదటి నెలలలోనే ఆ అలవాటు పడినవారు, ఒక మంచి క్యాష్ కోసం సగం రోజు నడవడాన్ని నష్టంగా లెక్కించడం మొదలుపెడతారు. ఆపైన కొద్దికాలానికే మానేసినవారిని నేను చూశాను.

తప్పించలేని ఇబ్బందులు కొన్ని ఉన్నాయి, వాటిని దాచి చెప్పడం మీకు మేలు కాదు. డబ్బాలు దొంగిలించబడతాయి, వరదలో కొట్టుకుపోతాయి, చెట్టు కొట్టేసినప్పుడు దానితోపాటు పోతాయి. ఒక డబ్బా నుంచి మరో డబ్బాకు ప్రయాణ వస్తువులుగా పంపే ట్రావెల్ బగ్‌లు ఎవరి జేబులోనో శాశ్వతంగా ఉండిపోతాయి. మనసుకు దగ్గరి వస్తువును దానికి తగిలించి పంపకండి. జనం తిరిగేచోట పొదల్లో చేయిపెట్టి వెతికే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజం. ఎవరైనా అడిగితే, పోలీసులైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పి క్యాష్ పేజీ చూపించండి. నా అనుభవంలో అడిగినవారు కూడా చాలాసార్లు వెతకడానికి సాయం వచ్చారు. ప్రైవేటు స్థలమని అనిపిస్తే వెనక్కి తిరగండి. కనిపించని తొర్రలో నేరుగా చేయి పెట్టకండి. ముందు టార్చి, తరువాత కర్ర, చివరగా చేయి. ఏదైనా విరవాలన్నా, పీకాలన్నా, గోడ రాళ్లు కదిలించాలన్నా ఆగిపోండి. స్థల యజమాని అనుమతి లేకుండా డబ్బాను దాచడానికి గొయ్యి తవ్వడం నియమాలకే విరుద్ధం కాబట్టి మీరు తవ్వవలసిన అవసరం కూడా ఎప్పుడూ రాదు.

మీ తరువాతి సెలవు రోజుకు నా సూచన ఇది. రెండే క్యాష్‌లు ఎంచుకోండి: గత నెలలో దొరికినట్టు లాగ్ ఉన్న, కష్టం 2 లోపున్న ఒక రెగ్యులర్ డబ్బా, దానికి దగ్గరలో ఒక ఎర్త్‌క్యాష్. కలం, పొడి గుడ్డ, చుట్టిన కాగితం లాగడానికి సన్నని పట్టకారు, మార్పిడికి పిల్లలు తామే ఎంచుకున్న ఒక్కో వస్తువు వెంట ఉంచుకోండి. ఒక్కచోట అరగంటకు మించి వెతకవద్దు. దొరకకపోతే లాగ్ రాసి రెండవదానికి వెళ్లండి. ఫోనును వంతులవారీగా పిల్లల చేతికే ఇవ్వండి. పది మీటర్లలోకి రాగానే దానిని తీసేసుకోవడం మాత్రం మీ పని.

మీరే ఒక డబ్బా దాచాలన్న ఆలోచన త్వరలోనే వస్తుంది, అందరికీ వస్తుంది. రకరకాల క్యాష్‌లు తగినన్ని చూసేవరకు ఆగండి. ఆ తరువాత కూడా, వాన పడిన మరునాడు వెళ్లి చూసి రాగలిగినంత దగ్గరలోనే దాచండి, స్థల యజమాని అనుమతి తీసుకోండి, ఎవరైనా పొరపాటున చూస్తే భయపడకుండా అదేమిటో అర్థమయ్యేలా డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయండి. అనుమానాస్పద వస్తువని పొరబడి బాంబు నిర్వీర్య దళాలను పిలిచిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. స్థానాన్ని ఒకేసారి కాక, వేరు వేరు రోజుల్లో మూడు నాలుగుసార్లు కొలిచి సగటు తీసి ప్రకటించండి. మీ తరువాత వెతకబోయేవారి వలయం అంతమేరకు చిన్నదవుతుంది.